సెట్టు పాతిక, తీగ ముప్పాతిక

మీరడిగారు, మేం చెబుతున్నాం: ఈసారి హ్యామ్ రేడియో

సెల్ టవరూ ఇంటర్నెట్టూ లేకుండా, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో, మన సొంత రేడియోతో ఊళ్లూ దేశాలూ దాటి మాట్లాడుకునే హాబీని హ్యామ్ రేడియో అంటారు. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే ఉన్నాయి. అన్నీ మన సీమ నుంచే, అన్నిట్లోనూ దాదాపు ఒకటే ప్రశ్న: మొదట ఏం కొనాలి? అందుకే మిగతా విషయాలు పక్కన పెట్టి ఈ కాలమ్ మొత్తం దానికే వదిలేశాం.

ప్రశ్న: నమస్తే అన్నా. మాది కర్నూలు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర. 2009 అక్టోబరు వరదప్పుడు నేను ఎనిమిదో తరగతి. పక్కింటోళ్ల రెండో అంతస్తు మిద్దె మీద కూర్చున్నాం, కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, మా నాన్న అనంతపురంలో ఉన్నాడు, మేం బతికే ఉన్నామని ఆయనకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. అది మనసులో అట్లే ఉండిపోయింది. ఇప్పుడు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (లైసెన్సులో మొదటి మెట్టు) పరీక్ష పాసై, రేడియోలో నా గుర్తుగా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్నాను. చేతిలో 30 వేలున్నాయి. ఒకాయన హ్యాండీ కొనుక్కో చాలు అంటాడు, ఇంకొకాయన హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్టు లేనివాడు హ్యామే కాదంటాడు. స్కూటరు మీద పట్టాలి, గట్టు మీదికి తీసుకుపోయేలా ఉండాలి. సెట్టూ యాంటెన్నా రెండూ చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, పోలీసు వెరిఫికేషన్ అయ్యి లైసెన్సు చేతికొచ్చేదాకా ఓపిక పట్టినోడివి, డబ్బు తీసే ముందు ఇంకో వారం పట్టు. ఏ సెట్టు అని అడిగే ముందు ఎవరితో మాట్లాడాలి, ఎంత దూరం అని అడుక్కోవాలి. నీ ఉత్తరంలోనే జవాబుంది. కర్నూల్లో కూర్చుని అనంతపురంతో మాట్లాడాలి.

హ్యాండీ అంటే చేతిలో పట్టే వాకీటాకీ లాంటి సెట్టు. మన దేశంలో హ్యాములకు ఇచ్చిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండులో, 434 నుంచి 438 బ్యాండులో పలుకుతుంది. ఈ తరంగాలు చూపు మేర పోతాయి, అంతే. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 4.1తో గుణిస్తే నీ చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నేల మీద నిలబడి చేతిలో పట్టుకుంటే 5 కిలోమీటర్లు. తొమ్మిది మీటర్ల మిద్దె మీదైతే 12. వంద మీటర్ల గట్టు ఎక్కితే 41. అవతలివాడి ఎత్తుకు వచ్చే లెక్కను దీనికి కలుపుకోవచ్చు, కానీ మధ్యలో కొండ అడ్డమొస్తే లెక్క లెక్కగానే ఉంటుంది, మాట మాత్రం రాదు. అదే పెద్ద ఊళ్లోనైతే రిపీటరు ఉంటుంది. అంటే ఎత్తు మీద పెట్టిన స్టేషను నీ మాట అందుకుని తిరిగి గట్టిగా పంపుతుంది, అప్పుడు హ్యాండీకి కాళ్లొస్తాయి. నీకు అందే దూరంలో రిపీటరుందా, అది నిజంగా పనిచేస్తోందా అని మీ ఊరి హ్యాములనే అడుగు, పాత జాబితాలు నమ్మొద్దు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నా. నా మొదటి సెట్టు మంచి ఖరీదైన హ్యాండీ. అనంతపురంలో మిద్దె మీద నెలరోజులు సాయంత్రం పూట దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిరిగాను. వినబడింది బుస్సుమనే శబ్దం ఒక్కటే. మా ఆవిడ "అది బాగానే ఉంది గానీ, అవతల ఎవరన్నా ఉన్నారా?" అంది. లేరు. చుట్టూ ముప్పై కిలోమీటర్లలో ఆ బ్యాండు మీద కూర్చునే మనిషే లేడు. తప్పు సెట్టుది కాదు, నాది.

అందుకని నీ 30 వేలు హెచ్ఎఫ్ వైపే పెట్టు. అందులోనూ 40 మీటర్ల బ్యాండు (తరంగం పొడుగు సుమారు 40 మీటర్లు), మన దేశంలో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా. పగటి పూట కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం, కడప, బెంగళూరు, విజయవాడ, ఇవన్నీ ఈ బ్యాండుకు పెరటి దూరాలు. యాంటెన్నా మరీ ఎత్తుగా లేకపోతే తరంగం నిటారుగా పైకి పోయి, ఆకాశంలో ఎత్తున ఉండే అయనోస్ఫియర్‌ను తగిలి, చిమ్మనగ్రోవి నీళ్లు చుట్టూ పడ్డట్టు మన చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర పడుతుంది. మధ్యలో నల్లమల ఉన్నా ఎర్రమల ఉన్నా దానికి లెక్కలేదు, పైనుంచి దిగుతుంది కాబట్టి. వరదలో నీకు కావాల్సింది ఇదే. చీకటి పడ్డాక మాత్రం ఇదే బ్యాండు దగ్గరివాళ్లను వదిలేసి దూరదేశాల వాళ్లను మోసుకొస్తుంది. రాత్రి పక్క జిల్లాతో మాట్లాడాలంటే 80 మీటర్ల బ్యాండుకు దిగాలి, దానికి యాంటెన్నా రెట్టింపు పొడుగు కావాలి, అది తర్వాత చూసుకుందువు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ముందు అనంతపురం గెలువు, అర్జెంటీనా తర్వాత.

ఇక సెట్టు. కొత్త కంపెనీ హెచ్ఎఫ్ సెట్టు 30 వేలకు రాదు, ఆశ పెట్టుకోవద్దు. చిన్నదీ మోయగలిగినదీ అయిన షీగూ జీ90 కూడా దిగుమతి సుంకాలతో కలిపి నీ లెక్క దాటుతుంది. దారులు రెండున్నాయి. ఒకటి, లైసెన్సున్న పాత హ్యాము దగ్గర వాడిన సెట్టు. ఐకామ్ ఐసీ-718 లాంటి పాత కాపులు ఎక్కడన్నా దొరికితే కళ్లు మూసుకుని కాదు గానీ, ఒక కన్ను మూసుకుని కొనొచ్చు. అది వంద వాట్ల సెట్టు, నీ గ్రేడుకు పరిమితి 50 వాట్లు, పవరు తగ్గించి వాడాలి. జనరల్ గ్రేడుకైతే 400 దాకా ఉంది. ఇంకో చిక్కు, దాన్ని గట్టు మీదికి మోయాలంటే బ్యాటరీ కూడా దాని స్థాయిలోనే ఉండాలి, మాట్లాడేటప్పుడు ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. మిద్దెకు సరే, స్కూటరుకు కాదు.

రెండోది నాకు ఇష్టమైన దారి: బిట్‌ఎక్స్ కుటుంబం. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసి, సర్క్యూట్ అందరికీ ఇచ్చేసిన సెట్టు ఇది. దాంట్లోంచి వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్‌ను ప్రపంచం నలుమూలలా హ్యాములు విప్పి చూశారు, మార్చారు, కొన్నిసార్లు కాల్చారు కూడా. 40 మీటర్ల మీద పది వాట్ల చుట్టూ ఇస్తుంది, బైకు బ్యాటరీతో నడుస్తుంది. దీనికి డబ్బా నువ్వే చేసుకోవాలి, ట్యూనింగ్ కొంచెం అలవాటు కావాలి, కంపెనీ సెట్టంత నాజూకుగా ఉండదు. కానీ చెడిపోతే విప్పగలవు. కర్నూల్లో కూర్చుని విప్పగలిగిన సెట్టు అంటే చిన్న విషయం కాదు.

పది వాట్లు చాలవేమో అని టెన్షన్ పడతావు, అందరూ పడతారు. పవరు నాలుగు రెట్లు పెంచితే అవతలివాడి మీటరు మీద ఒకే ఒక్క గీత జరుగుతుంది. అంటే 5 వాట్ల నుంచి 20కి పోతే ఒక గీత (దాన్నే ఎస్ యూనిట్ అంటారు), 20 నుంచి 100కు పోతే ఇంకొకటి, కొంచెం ఎక్కువ. ఆ ఒక్క గీత కోసం వేలకు వేలు పోస్తారు. అదే యాంటెన్నాను నేల మీంచి లేపి ఆరేడు మీటర్ల ఎత్తుకు కట్టు, అంతకన్నా ఎక్కువ వస్తుంది, ఖర్చు తాడు ఖర్చే.

యాంటెన్నా విషయానికొస్తే నేను మొండివాణ్ణి: మొదటిది చేత్తో కట్టుకున్న డైపోలే కావాలి, అంటే మధ్యలో కేబుల్, చెరో పక్కకు ఒక తీగ. 142.5ను ఫ్రీక్వెన్సీతో భాగించు, 7.1కి 20 మీటర్లు వస్తుంది, రెండు చేతులుగా చెరి పది మీటర్లు. ఎలక్ట్రికల్ షాపులో ఇంటి వైరింగుకు అమ్మే ఒక చదరపు మిల్లీమీటరు మెత్తటి వైరు చాలు. కానీ పదికే కత్తిరించొద్దు, పది మీటర్ల నలభై సెంటీమీటర్లు ఉంచు. వైరు పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి నిజమైన కొలత ఎటూ కొంచెం తక్కువే వస్తుంది, అది కట్టాక తేలుతుంది. ఎక్కువైన దాన్ని కత్తిరించకుండా వెనక్కి మడిచి దానికే చుట్టు. రెండు పక్కలా పది పది సెంటీమీటర్లు మడిస్తే ఫ్రీక్వెన్సీ సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిద్దె మీద గంట పని పావుగంటలో అయిపోతుంది.

మధ్యలో పీవీసీ పైపు ముక్క, దానికి కేబుల్. మధ్య భాగాన్ని కర్రకు ఎత్తి కట్టి రెండు చేతుల్ని పిట్టగోడల వైపు కిందికి వాల్చితే తలకిందుల వీ ఆకారం, దీనికి ఒకే గెడ చాలు. గట్టు మీదికైతే మడిచే ఫైబర్ ఫిషింగ్ రాడ్డు, ఆరేడు మీటర్లది, స్కూటరు ఫుట్‌బోర్డు మీద పడుకుంటుంది. దాన్ని రాళ్ల మధ్య నిలబెట్టి మూడు నైలాన్ తాళ్లు లాగి కట్టు, మన గట్ల మీద ఇంకేం దొరక్కపోయినా రాళ్లకు కొదవ లేదు. జగన్నాథ గట్టు నీకు దగ్గరే, సంగమేశ్వరుడి గుడి పక్కన కాకుండా జనానికి అడ్డం లేని చోట చూసుకో, తీగ చివర్లు తల ఎత్తుకన్నా పైన ఉండేలా కట్టు. మాట్లాడేటప్పుడు ఆ చివర్లలో వోల్టేజీ ఉంటుంది, పిల్లలు ముట్టుకుంటే కాలుతుంది. ఇంటి అడ్రసు కాకుండా ఇంకో చోటి నుంచి నడపడానికి లైసెన్సులో ఏ షరతులున్నాయో చదువుకుని, ముందుగా తెలపాల్సినవి తెలిపి పో. నల్లమల అడవిలోకి మాత్రం చేతిలో సెట్టు పట్టుకుని ఊరికే పోవద్దు. ఫారెస్టోళ్లకు నువ్వు హ్యామువో ఇంకెవరివో తెలియదు, వాళ్లకు వివరించేసరికి పొద్దు గూకుతుంది.

ఎండ్-ఫెడ్ అని ఒకటి అమ్ముతారు. ఇరవై మీటర్ల తీగ, ఒక చివర చిన్న డబ్బా, అందులో 49కి 1 ట్రాన్స్‌ఫార్మర్. ఒకే చివరి నుంచి కట్టొచ్చు, ఒకే తీగతో 40, 20, 15, 10 మీటర్ల బ్యాండులు పలుకుతాయి, గట్టు మీదికి నిజంగా సుఖం. అది రెండో యాంటెన్నాగా కొను. మొదట్లోనే కొంటే, పలకనప్పుడు తప్పు డబ్బాలో ఉందా తీగలో ఉందా కేబుల్లో ఉందా నీకు తెలియదు. డైపోలులో దాక్కోవడానికి చోటే లేదు. ఇంక కాయిలు, అంటే తీగ చుట్టలు, పెట్టి మీటరున్నర పొడుగులో 40 మీటర్లకు పనిచేస్తుందని అమ్మేవి ఉన్నాయి చూడు, పనిచేస్తాయి, నువ్వు పంపే పది వాట్లలో ఎక్కువ భాగం కాయిలు వేడెక్కడానికే పోతుంది.

డబ్బు మిగిలితే నానోవీఎన్ఏ అనే చిన్న పరికరం కొను. జేబులో పడుతుంది, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా ఉందో గీత గీసి చూపిస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (ఎంత పవరు వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె) 1.5 వస్తే సంతోషంగా ఆపెయ్. అక్కడ వెనక్కి వచ్చేది నూటికి నాలుగు వంతులే, 2 దగ్గర కూడా పదకొండే. ఒకటికి ఒకటి రావాలని రెండు ఆదివారాలు మిద్దె మీద ఎండలో కూర్చున్నవాణ్ణి నేనెరుగుదును, అద్దంలో రోజూ చూస్తుంటాను.

ప్రశ్న: నమస్తే సార్. అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆన్‌లైన్లో రెండు వేలకు ఒక చైనా వాకీటాకీ జత కొన్నాను, హ్యామ్ రేడియో అనే రాసుంది. ఒకటి నా దగ్గర, ఇంకొకటి హాస్టల్లో ఉన్న ఫ్రెండు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోవచ్చా? లైసెన్సు తప్పనిసరా? మా అమ్మేమో ఆడపిల్లకు ఈ వైర్లూ కొండలూ ఎందుకంటోంది.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ బటన్ నొక్కొద్దు. లైసెన్సు లేకుండా మాట్లాడటమే కాదు, అలాంటి సెట్టు దగ్గర పెట్టుకోవడమే తప్పు. పెట్టె మీద ఏం రాసున్నా సరే. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ, అనుమతి వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నాయని ఆన్‌లైన్ వేదికలకు నోటీసులు కూడా ఇచ్చింది. వాపసు తీసుకుంటే వాపసు ఇచ్చెయ్. తీసుకోకపోతే లైసెన్సున్న హ్యాము ఎవరినన్నా అడిగి ఏం చెయ్యాలో తెలుసుకో. ఆ సెట్టుతో ఇంకో ప్రమాదం, అది హ్యామ్ బ్యాండులు దాటి పోలీసులూ మిగతా శాఖలూ వాడే చోట్ల కూడా పలుకుతుంది, చెయ్యి జారి అక్కడ నొక్కితే సారీ అంటే సరిపోదు.

ఫ్రెండుతో మాట్లాడటమే కావాలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య అర వాటు పవరుకు లైసెన్సు అక్కర్లేదు, దానికోసం ఆమోదం పొంది తయారైన సెట్లు వేరే ఉంటాయి. ఊళ్లో ఒక కిలోమీటరు వస్తే గొప్ప. అంతమాత్రానికి ఫోను చాలదా అని నువ్వే అనుకుంటావు.

నిజంగా హ్యాము కావాలనుంటే పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పెడుతుంది, సరళ్ సంచార్ పోర్టల్లో దరఖాస్తు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం రూల్సు, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకు నెలరోజుల పని. రూల్సు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, చాలామంది తప్పేది అక్కడే.

మీ అమ్మకు ఒక సంగతి చెప్పు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు హ్యామ్ రేడియో నడపడానికి అండమాన్ వెళ్లారు. ఏళ్ల తరబడి అక్కడి నుంచి హ్యాములు పలకలేదు, ప్రపంచమంతా ఆ సిగ్నల్ కోసం ఎగబడుతోంది. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు పంపింది ఆమె బృందమే. ఆవిడ తీసుకుపోయిందీ తీగలూ సెట్లే.

లైసెన్సు వచ్చేలోగా చెవులకు పని పెట్టు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ ఒక రేడియోను ఇంటర్నెట్లో పెట్టింది, వెబ్ ఎస్‌డీఆర్ అంటారు, ఫోన్లోనే తెరిచి 7 మెగాహెర్ట్జ్ దగ్గర యూరప్ హ్యాములు ఎలా పలకరించుకుంటారో వినొచ్చు. మొదట ఏమీ అర్థం కాదు, వారం తర్వాత కాల్‌సైన్‌లు విడిగా వినబడతాయి, రెండు వారాల తర్వాత వాళ్లు ఎంతసేపూ వాతావరణం గురించే మాట్లాడుతున్నారని తెలుస్తుంది. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్ఎల్వీ-సీ6తో పోయిన హ్యామ్‌శాట్ అనే ఉపగ్రహం అచ్చంగా హ్యాముల కోసమే చేసింది, 2014 దాకా పనిచేసింది. ఇప్పుడు అంతరిక్ష కేంద్రం మీద హ్యామ్ స్టేషను ఉంది, 145.800 మెగాహెర్ట్జ్ మీద అక్కడి మాట కిందికి వస్తుంది, నెత్తిమీదుగా పోయే ఆ పది నిమిషాలూ 49 సెంటీమీటర్ల మామూలు తీగకు కూడా అందుతుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజున నీ మొదటి ప్రయోగం అదే చెయ్యి.

ప్రశ్న: అయ్యా, నేను కడపలో రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, ఎర్రముక్కపల్లెలో సొంతిల్లు. లైసెన్సు ఉంది, వంద వాట్ల సెట్టు కూడా కొన్నాను. మిద్దె మీద రెడీమేడ్ నిలువు యాంటెన్నా పెట్టించాను, అమ్మినతను రేడియల్స్ అవసరం లేదన్నాడు. పొద్దున ఏడింటికి మొదలై సాయంత్రం దాకా మీటరు మీద ఎస్9 (తొమ్మిదో గీత) వరకు హోరు, ఎవరి మాటా వినబడదు. చీకటి పడితే నెమ్మదిస్తుంది. సెట్టు మార్చమంటారా?

జవాబు: సార్, సెట్టును ముట్టుకోవద్దు. సూర్యుడితో లేచి సూర్యుడితో పడుకునే హోరు అంటే సోలార్ ఇన్వర్టరే. మీదో, పక్కింటివాళ్లదో. ఒక పని చెయ్యండి, సెట్టును బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపెయ్యండి, మీ ఇంటి మీద సోలార్ ఉంటే దాని స్విచ్‌లు కూడా. హోరు పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. పడకపోతే చిన్న మీడియం వేవ్ రేడియో పట్టుకుని స్టేషన్ ఏదీ రాని చోటికి ముల్లు తిప్పి వీధిలో నడవండి, ఎక్కడ బుస్సు ఎక్కువైతే అక్కడ. పక్కింటాయన ముందుగా మీ నడకను అనుమానిస్తాడు, తర్వాత సాయం చేస్తాడు. ఎల్‌ఈడీ బల్బులూ, చవక చార్జర్లూ, బోరు స్టార్టర్లూ కూడా ఈ జాబితాలోవే. కానీ వాటికి పొద్దుతో పనిలేదు.

నిలువు యాంటెన్నా సంగతి. రేడియల్స్ అవసరం లేదన్న మాట అమ్మకానికి పనికొచ్చింది, అంతే. నిలువు తీగ యాంటెన్నాలో పై సగమే, కింది సగం పని నేల చెయ్యాలి, అది లేనప్పుడు చుట్టూ పరిచిన తీగలు కావాలి, వాటినే రేడియల్స్ అంటారు. మీ మిద్దె మీది కడప బండలు అందంగా ఉంటాయి, చల్లగా ఉంటాయి, కరెంటును మాత్రం మోయవు. పైగా ఇళ్ల మధ్య పుట్టే హోరు ఎక్కువగా నిలువు యాంటెన్నాకే అతుక్కుంటుంది. దాన్ని దించి పైన కర్నూలు తమ్ముడికి చెప్పిన డైపోలు కట్టించండి, సోలార్ పలకల నుంచి మిద్దె అవతలి అంచుకు జరిపి. కేబుల్ యాంటెన్నాకు తగిలే చోట ఆరు మీటర్ల కేబుల్‌ను నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు మీద పక్కపక్కనే చుట్టండి, పదిహేడు చుట్లు వస్తాయి. కేబుల్ పైతొడుగు మీంచి పాకే హోరును అది చాలావరకు ఆపుతుంది. ఇన్వర్టరు దగ్గర వైర్లకు ఫెరైట్ రింగులు వేయించడం ఇంకో మందు, వారంటీ ఉంటే పెట్టినవాళ్లనే అడగండి.

మీరు ఉత్తరంలో రాయలేదు గానీ కేబుల్ కూడా చూడండి. నాకు ఒకసారి ఒక దుకాణంలో పేరున్న రకమని సన్నటి కేబుల్ అంటగట్టారు, లోపల జాలీ తీగలు వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉన్నాయి. మొదటి వానకే కనెక్టర్లోంచి నీళ్లు దిగి, దాన్ని విప్పితే అక్వేరియం లాగా కారింది. కనెక్టర్ మీద సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు వెయ్యండి. 40 మీటర్ల బ్యాండుకు ఆర్‌జీ-58 సరిపోతుంది. అదే కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర పది మీటర్లకే సుమారు 2 డీబీ తినేస్తుంది, 5 వాట్లు పెడితే మూడు చిల్లర పైకి చేరుతుంది. టీవీ కేబుల్ వేరు, అది 75 ఓములది, మన సెట్లకు కావాల్సింది 50 ఓములది, కొనుక్కుని రాకండి.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి. అన్నా, మోర్స్ (చుక్కలూ గీతల కోడు) నేర్చుకోవడం ఈ రోజుల్లో దండగ కదా?

జవాబు: జనరల్ గ్రేడు కావాలంటే నిమిషానికి 8 పదాల వేగం రావాలి, కాబట్టి దండగ కాదు. రిస్ట్రిక్టెడ్‌తో సరిపెట్టుకుంటే పరీక్షకు అక్కర్లేదు. కానీ మాట మునిగిపోయే హోరులో కూడా టిక్కూ టాక్కూ వినబడుతుంది, అది అయిదు వాట్ల సెట్టున్నవాడికే తెలుస్తుంది. కంప్యూటర్ సాయంతో నడిచే ఎఫ్‌టీ8 అనే పద్ధతీ ఉంది, అందులో మాటలుండవు, పదిహేను సెకన్లకోసారి కాల్‌సైనూ, సిగ్నల్ ఎంతుందీ, ఊరి గుర్తూ మార్చుకుంటారు. ఊరి గుర్తంటే ప్రపంచ పటం మీద గడి: కర్నూలు ఎంకే95, కడప ఎంకే94, అనంతపురం ఎంకే84.

ప్రశ్న: తాడిపత్రి నుంచి రాస్తున్నా. 20 వాట్ల సెట్టుకు పొలం దగ్గరికి తీసుకుపోవడానికి ఏ బ్యాటరీ, ఎంతసేపు వస్తుంది? ఇంకోటి, మిద్దె మీద కర్ర నిలబెడితే పిడుగు పడుతుందని మా నాయన ఒప్పుకోవడం లేదు.

జవాబు: వినేటప్పుడు అర ఆంపియరు, మాట్లాడేటప్పుడు సగటున నాలుగు అనుకో. అయిదింట ఒక వంతు మాట్లాడి మిగతాది వింటే గంటకు 1.2 ఆంపియరు అవర్లు. యూపీఎస్‌లో వాడే 7 ఆంపియరు అవర్ల లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, పూర్తిగా పిండితే చస్తుంది, కాబట్టి మూడు గంటలు. 6 ఆంపియరు అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు అయితే నాలుగు గంటలు దర్జాగా, బరువు మూడో వంతే. ధర ఎక్కువ, అయినా అదే కొను. వైరులో ఫ్యూజు పెట్టు, ఎరుపూ నలుపూ తారుమారైతే సెట్టు ఒక్క క్షణంలో పోతుంది. పొలం దగ్గర 11 కేవీ లైన్ల ఛాయలకు కూడా తీగ పోనివ్వొద్దు, తాడు విసిరేటప్పుడు ముందు తలెత్తి చూడు. ఏ కర్ర పడినా లైనుకు తగలనంత దూరం ఉండాలి.

మీ నాయన మాటలో న్యాయం ఉంది. మిద్దె మీద వెదురు గెడ పెట్టినంత మాత్రాన పిడుగును పిలిచినట్టు కాదు గానీ, దగ్గర్లో ఎక్కడ పడ్డా తీగలోకి వోల్టేజీ ఎక్కుతుంది, అది కేబుల్ పట్టుకుని నేరుగా మీ గదిలోకి దిగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి పడమట మబ్బు లేస్తుంది చూడు, అది కనబడగానే కేబుల్ సెట్టు నుంచి విప్పి కిటికీ అవతల పడేసి కిందికి దిగిపో. వాడనప్పుడు ఎప్పుడూ విప్పే ఉంచు. కుదిరితే తీగను దించెయ్యడమే, డైపోలు దించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ దించే తాడు మీ నాయన చేతికే ఇవ్వు, ఒప్పుకుంటాడు.